నాలుగు మూరల లక్ష్మీరాజం

కోరుట్ల గ్రంథాలయం గోడకు ఆనుకుని ఒక తోపుడు బండి ఉంటుంది. బండి మీద బొగ్గుల కుంపటి, పక్కన పచ్చి మక్కకంకుల కుప్ప, వెనకాల లక్ష్మీరాజం తాత. కంకి అడిగితే ముందు కథ వస్తుంది, తర్వాత కంకి వస్తుంది. కథ పొడుగైతే కంకి మాడుతుంది. మా వాడకట్టు పిల్లలందరం ఆ మాడిన కంకులు తినే పెరిగాం. మా నోళ్లు ఇంత నల్లగా తయారవడానికి కారణం అదేనని నా అనుమానం.

కథ ఎప్పుడూ ఒకటే. "నేను సినిమాల చేసిన, ఎర్కేనా?"

అందుకే ఊరంతా ఆయనను హీరో అంటుంది. ముద్దుగా కాదు. పళ్లు లేవు, జుట్టు లేదు, కుడిచేతి వేళ్లు మూడు వంగవు. అలాంటి మనిషిని హీరో అని పిలిస్తే వచ్చే సుఖమే వేరు. నేనూ పిలిచాను. నిజం చెప్పాలంటే అందరికంటే గట్టిగా పిలిచింది నేనే.

ఆయన చెప్పే కథ అబద్ధం కాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన రోజు చెప్పలేదు.

1984లో తాతకు ఇరవై ఏళ్లు. గొల్లపల్లి పక్కన తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. అక్షరం ముక్క రాదు. హైదరాబాద్ నుంచి సర్కారు వాళ్లు రాత్రిబడి మీద చిన్న సినిమా తీయడానికి వచ్చారు. వేలిముద్ర వేసే మనిషి బడికి పోయి సంతకం నేర్చుకుంటాడు, అంతే కథ. చెట్టు దిగి వస్తున్న లక్ష్మీరాజాన్ని చూసి, వీడి పళ్లు బాగున్నాయి, కెమెరాకు పనికొస్తాడు అన్నారట. ఎనిమిది రోజులు కూర్చోబెట్టి పేరు రాయడం నేర్పారు. 'ల' ఒక పూటలో వచ్చింది. 'క్ష్మీ' దగ్గర సినిమా వాళ్లకు చుక్కలు కనిపించాయి. తొమ్మిదో రోజు పలక మీద మొత్తం రాసి, కెమెరా వైపు తిప్పి, పళ్లన్నీ చూపించి, "ఇగ నేను ఏలు పెట్ట!" అన్నాడు. పది సెకన్లు. సినిమా మొత్తంలో ఆయన మొహం కనిపించేది అక్కడే. మిగతా అంతా వీపే.

ఆ సినిమాను ఊరూరా తిప్పడానికి సర్కారు బండి ఒకటి ఉండేది. దాని మీద మిషన్ తిప్పే ఆపరేటర్ నజీర్. తాత కంటే నాలుగైదేళ్లు పెద్ద. సినిమా ఆడిన ఊరికల్లా లక్ష్మీరాజం వెనకాలే పోయి, తనను తాను చూసుకుని, పొద్దున్నే మళ్లీ చెట్టెక్కేవాడు. అలా దోస్తీ కుదిరింది. మరుసటి ఏడు తాతకు లగ్గం కుదిరితే నజీర్ అడిగాడట, "ఏం గావాలె రాజం?" అని.

"నన్ను నాకియ్యి భాయ్."

ఆపరేటర్లకు అప్పట్లో ఒక అలవాటు ఉండేది. నచ్చిన ముక్కను రీలులోంచి కోసుకుని, రెండు కొసలు అతికించేసేవాళ్లు. చూసేవాళ్లకు తెర మీద చిన్న ఎగురుడు కనిపించేది, అంతే. నజీర్ ముందు భయపడ్డాడు. తర్వాత, "హైదరాబాద్‌ల ఇంక పది కాపీలున్నయి తియ్" అని తనే ధైర్యం చెప్పుకున్నాడు. పూలమ్మే ఆమె మల్లెదండ కొలిచినట్టు మోచేతి నుంచి వేళ్ల కొసదాకా కొలిచి, నాలుగు మూరలు తెంపి, అరటిపళ్ల గంపలో పెట్టి లగ్గానికి తెచ్చాడు. భూదేవమ్మ అత్తగారింట్లో మొదటి రోజు చేసిన పని, ఆ రీలును ఎండకు పట్టి మొగుణ్ని చూడటం.

రెండేళ్లు తిరగకముందే తాత చెట్టు మీంచి పడ్డాడు. కుడిచెయ్యి పోయింది. ఎడమచేత్తో రాద్దామంటే 'క్ష్మీ' మళ్లీ పేచీ పెట్టింది. అప్పటి నుంచి పింఛను దగ్గర, బ్యాంకు దగ్గర, అన్నిచోట్లా వేలే.

భూదేవమ్మ బండి దగ్గర కంకుల పొట్టు తీస్తూ ఇప్పటికీ అంటుంది, "సినిమాల సంతకం, బ్యాంకుల ఏలిముద్ర. గీ మొగన్ని నేనే చేసుకోవాల్నా?"

"నవ్వు, నవ్వు. గాడ నా చేతిరాత ఉన్నది. ఎవ్వడు చెరపలేడు," అంటాడు తాత.

ఆయన చేత్తో ఆయన పేరు రాసింది ఈ లోకంలో అక్కడొక్కటే మిగిలింది. అది ఎవరైనా నమ్మాలి. నలభై ఏళ్లుగా ఆయన పంచాయితీ ఇదే.

నమ్మని వాళ్లకు ఆయన ఒక మందు కనిపెట్టాడు. రీలులోంచి ఒక్క బొమ్మ కత్తిరించి చేతిలో పెట్టేవాడు. గోరంత ముక్క. "ఎండకు పెట్టి సూడు." వేములవాడ బస్సుల కండక్టర్లకు ఇచ్చాడు. ముస్తాబాద్ నుంచి వచ్చిన పత్తి రైతులకు ఇచ్చాడు. ఏడో తరగతిలో నాకూ ఒకటి ఇచ్చాడు. నేను దాన్ని గాలిపటం తోకకు కట్టి ఎగరేశాను. చూసిన వాళ్లకు ఎవడో పలక పట్టుకున్న కుర్రాడు చీమంత కనిపించేవాడు. పలక మీది అక్షరాలు ఎవరి కంటికీ ఆనేవి కావు. "గీనికి పండ్లున్నయి, నీకు లెవ్వు. గీడు నువ్వెట్లయితవ్?" అని ముక్క జేబులో వేసుకుని పోయేవాళ్లు. నమ్మించడానికి ఒక్కొక్క ముక్కా పంచుతూ పోయాడు. నాలుగు మూరలు మూరెడైంది, జానెడైంది. పోయినేడు వచ్చేసరికి ఒక్క ముక్క మిగిలింది. దాన్ని ఆధార్ కార్డు కవరులో దాచుకున్నాడు.

పోయిన నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయి. మామూలుగా అయితే పిల్లలకు వ్యాసరచన, పెద్దలకు ఉపన్యాసం, మాకు నిద్ర. ఈసారి సిద్రా ఉంది. నజీర్ మనవరాలు, నాతో పదో తరగతి చదివింది, ఇప్పుడు గ్రంథాలయంలో కాంట్రాక్టు ఉద్యోగం. సినిమా బండి మూలపడ్డాక దాని రీళ్లన్నీ జగిత్యాలలో గ్రంథాలయం వాళ్ల పుస్తకాల గోదాములో ఒక ఇనుప బీరువాలో పెట్టారు. నజీర్ కూడా ఆ బీరువాతో పాటే గ్రంథాలయానికి మారి, అక్కడే రిటైరయ్యాడు. సిద్రా ఆ పాత సినిమాలను హైదరాబాద్ పంపి కంప్యూటర్‌లోకి ఎక్కించి తెచ్చింది. గ్రంథాలయం ముందున్న జాగలో తెర కట్టి ఊరందరికీ చూపిస్తామంది.

నేను పనిచేసేది ఫ్లెక్సీలు, లగ్గం పత్రికలు కొట్టే ప్రెస్సులో. కంప్యూటర్ ఎవరూ నేర్పలేదు, పెళ్లికొడుకుల తలకాయలు మార్చి మార్చి నేర్చుకున్నాను. సిద్రా ఇచ్చిన జాబితాలో రాత్రిబడి సినిమా చూడగానే నా చేతులు దురద పెట్టాయి. తాత మొహానికి నల్ల కళ్లద్దాలు, తోలు కోటు, వెనక మంటలు పెట్టి పన్నెండు అడుగుల ఫ్లెక్సీ కొట్టాను. 'కల్లు మండువ నుంచి వెండితెరకు! మన హీరో లక్ష్మీరాజం! తప్పక రండి!' బస్టాండు దగ్గర కట్టాం. జనం సెల్ఫీలు దిగారు.

తాతకు అది ఎగతాళి అనిపించలేదు. మెడ వెనక్కి విరిచి చాలాసేపు చూశాడు. "బుగ్గలు జర ఎక్కువైనయ్ గని, మంచిగ చేసినవ్ కొడుకా," అన్నాడు. అక్కడి నుంచే సిరిసిల్లలో ఉన్న బిడ్డ శ్రీజకు ఫోన్ చేశాడు. "అల్లున్ని పట్టుకోని రా బిడ్డా. సినిమా మామ, సినిమా మామ అని నవ్వుతడు కద. కండ్లార సూడమను."

మర్నాడు నజీర్ మా ప్రెస్సుకు వచ్చాడు. నిలబడే మాట్లాడాడు.

"బేటా, గా ఫ్లెక్సీ తీసెయ్."

"ఎందుకు చాచా?"

"గాలికి చినుగుతది."

"చినిగితే ఇంకోటి కొడ్త."

వచ్చిన దారినే వెళ్లిపోయాడు. దోస్తుకు పేరొస్తుందని కడుపుమంట అనుకున్నాను. ఇంట్లో సిద్రాను కూడా, గా సినిమా ఒద్దు, మంచిగుండదు అన్నాడట. "దాదా, అందరు గదే అడుగుతున్నరు!" అందట ఆ పిల్ల. హైదరాబాద్‌లో పది కాపీలున్నాయన్నది ఆయన అప్పట్లో ధైర్యానికి అల్లిన మాట. బీరువాలో ఉన్నది తన బండి రీలే, తను కోసిన రీలే. అప్పటికి అది ఆయనకొక్కడికే తెలుసు.

సినిమా వేసే రోజు సాయంత్రం ఆరున్నరకే కుర్చీలు నిండిపోయాయి. సగం మంది సినిమాకు రాలేదు, తాతను చూసి నవ్వడానికి వచ్చారు. పిలిచింది నేనే కదా, మైకు కూడా నా చేతిలోనే ఉంది. సిద్రా హాజరు రిజిస్టర్ తిప్పుతోంది. వచ్చిన వాళ్లందరి సంతకాలూ పైకి పంపాలట. తాత ముందు వరుసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్నాడు, ఒకపక్క భూదేవమ్మ, ఒకపక్క శ్రీజ, అల్లుడు రవీందర్.

"తాతా, స్టాంపు ప్యాడు ఇయ్యాల్నా?" అంది సిద్రా.

"ఇయ్యాల ఏలు పెట్ట బిడ్డా. నా గడి ఖాళీ ఉంచు. ఒక్క గంట ఆగు, నా సంతకం గాడ కనవడ్తది," అని తెర చూపించాడు. రవీందర్ మూతి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

ముందు సన్మానం. సిద్రా కాగితం చూసి చదివింది. తన తాత నజీర్ ఈ రీళ్లను నలభై ఏళ్లు కంటికి రెప్పలా కాపాడాడనీ, ఒక్క ముక్క కూడా పోనివ్వలేదనీ చదువుతూ ఆయన వైపు తలెత్తి నవ్వింది. జగిత్యాల నుంచి వచ్చిన పెద్దసారు నజీర్‌కు శాలువా కప్పాడు. చప్పట్లు అందరికంటే ముందు కొట్టింది లక్ష్మీరాజం తాతే, వంగని వేళ్లతో, టపటపమని.

రెండు చిన్న సినిమాలయ్యాక రాత్రిబడి సినిమా మొదలైంది. "అన్నలారా, అక్కలారా, మన హీరో ఎంట్రీ దగ్గరికొచ్చింది, విజిల్స్ రెడీ పెట్టుకోండ్రి!" అని మైకులో అరిచాను. తెర మీద లాంతరు వెలుగు. పంతులు పలక ఇచ్చాడు. తలపాగా కట్టిన ఒక వీపు ముందుకు వంగింది. "రాయి నాయనా," అన్నాడు పంతులు. తెర మీద బొమ్మ ఒక్కసారి ఎగిరింది. అంతే, అందరూ చప్పట్లు కొడుతున్నారు, పంతులు మెడలో దండ, సమాప్తం.

వెనక వరుసలోంచి ఎవడో అరిచాడు. "ఓ హీరో! నీ మొకం ఇంటికాడ మర్చిపోయి అచ్చినవా?"

"వీపు హీరోకు జై!"

జాగ మొత్తం నవ్వింది. తాత లేచి నిలబడ్డాడు. తెర మీది వెలుగు ఆయన మొహం మీద పడుతోంది.

"ఆగుండ్రి! గాడ నేనున్న. గా ముక్క నజీర్ భాయ్ నా లగ్గానికి కోసిచ్చిండు. అందుకే లేదు. నజీర్ భాయ్, చెప్పు వీళ్లకు."

పెద్దసారు నజీర్ వైపు తిరిగాడు. సిద్రా తిరిగింది. చేతిలో ఆ చదివిన కాగితం ఇంకా ఉంది.

నజీర్ శాలువా సర్దుకున్నాడు. "నాకు యాదికి లేదు రాజం."

"యాదికి లేదా? నాలుగు మూరలు భాయ్. పండ్ల గంపల పెట్టి తెచ్చినవ్."

"వయసు మీద వడ్డది. యాదికి లేదు."

నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. అప్పుడు తాత జేబులోంచి ఆధార్ కవరు తీసి, ఎడమచేత్తో తడుముకుంటూ ఆ ఆఖరి ముక్క తీశాడు. తీసి నా దగ్గరకు వచ్చాడు. ప్రెస్సులో అచ్చు చుక్కలు చూసే చిన్న భూతద్దం ఎప్పుడూ నా తాళంచెవులకు వేలాడుతుందని ఆయనకు తెలుసు.

"సూడు కొడుకా. మంచిగ సూసి మైకుల చెప్పు. నువ్వు సదువుకున్నోనివి."

ఫోన్ లైటు మీద ముక్క పెట్టి, భూతద్దం ఆనించి చూశాను. కనబడింది. ముప్పైరెండు పళ్లతో ఒక కుర్రాడు. పలక. పలక మీద సుద్దతో వంకరగా నాలుగు అక్షరాలు. 'క్ష్మీ' దగ్గర సుద్ద విరిగినట్టుంది, గీత లావైంది. లక్ష్మీరాజం. కుడి కనుబొమ్మ మీద గాటు కూడా ఉంది. అదే గాటు తలెత్తి చూస్తే నా ఎదురుగా ఉంది.

మైకు నా చేతిలో ఉంది. మూడొందల మంది నా నోటి వైపు చూస్తున్నారు. అప్పటికే నాలుక మీదికి ఒక మాట వచ్చేసింది. మంచి మాట, పేలుతుందని తెలుసు. అలాంటి మాట నోట్లోకి వచ్చాక మింగడం నాకు ఎవరూ నేర్పలేదు.

"అన్నలారా, అక్కలారా! గిది సినిమా ముక్క కాదు. తాత చెయ్యి విరిగినప్పటి ఎక్స్‌రే ముక్క!"

అంత పెద్ద నవ్వు నా జన్మలో ఎప్పుడూ రాబట్టలేదు. కుర్చీలు పడిపోయాయి. రవీందర్ ఇక మూతికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. శ్రీజ తల వంచుకుని చీర కొంగు మడతలు పెట్టుకుంటూ కూర్చుంది. తాత మాత్రం ఇంకా నా మొహంలోకి చూస్తున్నాడు, నేను ఇంకేదో చెప్పబోతున్నట్టు.

భూదేవమ్మ వచ్చి ఆయన కుడిచెయ్యి పట్టుకుంది. "నడువు, ఇంటికి పోదాం." నా పక్క నుంచి పోతూ, "నీ నోట్లె మన్ను వడ," అంది. అది మామూలే, నన్ను చాలాసార్లు అంది. నజీర్ దగ్గర మాత్రం ఆగింది. "శాలువ మంచిగున్నది అన్నా," అంది.

ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు సాయంత్రం బండి మామూలుగానే ఉంది. కుంపటి రాజుకుంది. నేను పోయి నిలబడితే కంకి తీసి కాల్చడం మొదలుపెట్టాడు. కథ రాలేదు. భూదేవమ్మ నా వైపు చూడకుండా పొట్టు తీస్తోంది. కంకి మాడకుండా చక్కగా కాలింది. తాత బండి మీద అంత బాగా కాలిన కంకి నేను తినడం అదే మొదలు.

జేబులోంచి ముక్క తీసి బండి మీద పెట్టాను. "తాతా, నీది. అండ్ల నువ్వే ఉన్నవ్. పేరు గుడ కనవడ్డది నాకు."

ఆయన దాన్ని ముట్టలేదు. "ఎక్స్‌రే నేనేం చేస్కుంట కొడుకా? దవాఖాన్ల ఇయ్యి."

"నిజంగనే తాతా. అందరికి చెప్త."

"ఎవరికి చెప్తవ్? అందరు ఇంటికి వోయిరి."

అప్పుడే నజీర్ వచ్చాడు, రోజూలాగే. బండి పక్కన తన స్టూలు ఉంటుంది, దాని మీద కూర్చున్నాడు. ఆయనకు కడుపులో పుండు, కారం పడదు. నిమ్మకాయ ఒక్కటే రాసి ఇవ్వాలి. ఎన్నేళ్లుగానో తాత అడగకుండానే ఇస్తాడు.

"రాజం," అన్నాడు నజీర్. "సారు ముంగట ఒప్పుకుంటె పోరి నౌకరి..."

తాత కుంపటి విసురుతూనే అడిగాడు. "కారం పెట్టాల్నా, సాదనా?"

వచ్చిన ప్రతి గిరాకీనీ అడిగే మాటే అది. నజీర్‌ను ఎప్పుడూ అడగలేదు. "సాద," అన్నాడు ఆయన. కంకి తీసుకున్నాడు, తినకుండా లేచి పోయాడు. స్టూలును భూదేవమ్మ లోపలికి లాగి కంకుల బుట్ట పెట్టింది.

చీకటి పడే వేళకు సిద్రా గ్రంథాలయం లోపలి నుంచి వచ్చింది, చంకలో రిజిస్టర్. ఆ పిల్లకు ఇప్పటికీ ఏమీ తెలియదు. వాళ్లింట్లో హాల్లో ఆ శాలువా ఫోటో పెట్టింది.

"తాతా, ఏమనుకోకు. నిన్న నీ గడి ఖాళీ ఉన్నది. సారు పూర్తి చేసి పంపుమన్నడు."

రిజిస్టర్ బండి మీద పరిచింది. నలభై ఒకటో వరుస. పేరు ఆ పిల్లే రాసింది, గుండ్రంగా, 'క్ష్మీ' కూడా ఎక్కడా తడబడకుండా. పక్కన గడి తెల్లగా ఉంది.

తాత ఆ పేరు వైపు చూశాడు. సిద్రా సంచిలో స్టాంపు ప్యాడు వెతుకుతూనే ఉంది. ఆయన ఎడమ బొటనవేలు చల్లారిన బొగ్గు మీద రుద్ది, గడిలో పెట్టి, గట్టిగా నొక్కి పట్టాడు.

"ఇంకెక్కడన్న పెట్టాల్నా బిడ్డా?" అన్నాడు.